క్లాసు లేని టీచర్

లెక్కల మాస్టారికి ప్రేమలేఖ రాయడం రాదు. టైమ్‌టేబుల్ వేయడం వచ్చు.

నవ్వకండి. పదహారుమంది టీచర్లు, పద్నాలుగు సెక్షన్లు, రోజుకి ఎనిమిది పీరియడ్లు, ఒకటే ల్యాబు, ఒకటే ఆటస్థలం. ఒకరిని ఇక్కణ్ణుంచి అక్కడికి జరిపితే ముగ్గురు గొడవకొస్తారు. సోషల్ మేడంకి భోజనం కాగానే క్లాసు వద్దు, నిద్రొస్తుంది. డ్రిల్లు మాస్టారికి మిట్టమధ్యాహ్నం వద్దు, కళ్ళు తిరుగుతాయి. ఇంతమందినీ సర్దుకుంటూ, వారానికి నాలుగు రోజులు నాలుగో పీరియడ్‌లో స్టాఫ్ రూములో సరిగ్గా ఇద్దరే మిగిలేట్టు చార్టు గీయాలంటే మాటలు కాదు. ఆ ఇద్దరిలో ఒకరు లెక్కల మాస్టారు, రెండోవారు బయాలజీ టీచర్.

మూడేళ్ళుగా గీస్తున్నాడు. ఆమెకి తెలియదు.

ఆ నలభై నిమిషాల్లో ఏం జరిగేదంటే, చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పిల్లల రికార్డులు దిద్దేది. ఇతను ఎదుటి బల్ల దగ్గర కూర్చుని దిద్దుతున్నట్టు నటించేవాడు. "ఫ్యాను వేయమంటారా?" అనేవాడు. "వేయండి" అనేది. వానపడుతుంటే "తలుపు మూయమంటారా? జల్లు కొడుతోంది" అనేవాడు. "ఉండనివ్వండి, బాగుంది" అనేది. కప్ప గుండె బొమ్మలో ఎవరైనా ఐదు గదులు గీస్తే పక్కున నవ్వి, పుస్తకం ఇటు తిప్పి చూపించేది. ఆ నవ్వు కోసం లోకంలో ఉన్న పిల్లలందరూ కప్ప గుండెని తప్పుగా గీయాలని లెక్కల మాస్టారు మనసారా కోరుకునేవాడు. ఇంతలో గంట కొట్టేది. ఆమె లేచి వెళ్ళిపోయేది. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఇంకో రెండు నిమిషాలు కూర్చుని, ఇతనూ తన క్లాసుకి పరుగెత్తేవాడు.

అంతే. మూడేళ్ళు. ఎదుటి బల్ల దగ్గరున్న మనిషికి ఒక్క ముక్క చెప్పకుండా మూడేళ్ళు గడిపినవాణ్ణి ఓపికమంతుడనాలో దద్దమ్మ అనాలో మీ ఇష్టం. డ్రిల్లు మాస్టారు మాత్రం రెండోదే అన్నాడు.

చార్టులో ఇంకో రహస్యం కూడా ఉంది. బయాలజీ టీచర్‌కి వారం మొత్తంలో ఒక్క మొదటి పీరియడ్ కూడా ఉండదు.

దానికో కారణం ఉంది. ఆమె స్కూల్లో చేరిన కొత్తలో వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చి, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. పొద్దున్నే ఆయనకి స్నానం చేయించి, ఎక్సర్‌సైజులు చేయించి, టిఫిన్ పెట్టి బయల్దేరేసరికి ఆలస్యమయ్యేది. తడి జుట్టుతో, ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో దువ్వెనతో గేటు దాకా పరుగెత్తుకొచ్చేది. ఒకరోజు పాత హెడ్మాస్టరు ఆమెని గేటు దగ్గరే ఆపి, చేతి గడియారం చూపించి, పిల్లల ముందే కడిగేశాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తల దించుకుని నవ్వుతున్నట్టు ముఖం పెట్టి లోపలికి నడిచింది. లెక్కల మాస్టారు మెట్ల మీద నిలబడి అదంతా చూశాడు. ఆ వారాంతమే చార్టు మార్చి ఆమె మొదటి పీరియడ్లన్నీ తీసేశాడు. అడిగితే మొహమాటపడుతుందని ఆమెనేమీ అడగలేదు. చేసిన మేలు చెప్పుకోకూడదని తర్వాత చెప్పనూ లేదు. తను చాలా గొప్ప పని చేశానని మాత్రం లోలోపల అనుకునేవాడు.

ఈ ఏడాది కూడా అదే చార్టు. సోమవారం పొద్దున స్టాఫ్ రూము గోడకి అంటించి, పక్కన నిలబడ్డాడు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది పరిస్థితి. ఆమె వచ్చింది. చూపుడువేలుతో ఆకుపచ్చ గళ్ళు వెతుక్కుంటూ చివరిదాకా చూసింది. ఆకుపచ్చ ఆమె రంగు.

"మాస్టారూ, ఒక్క మాట."

"రెండు చెప్పండి టీచర్."

ఆ చమత్కారానికి ఆమె నవ్వలేదు. "ఈ ఏడాది కూడా నాకు మొదటి పీరియడ్ లేదు."

"లేదండీ," అన్నాడు గర్వంగా.

"ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా లేదు!"

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. "నా మీద మీకేమైనా కోపమా?"

"కోపమా! మీ మీద నాకా! అయ్యయ్యో, అదేంటండీ అలా అంటారు?"

"ఏం లేదు లెండి," అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నాలుగో పీరియడ్‌లో ఆమె స్టాఫ్ రూముకి రాలేదు. రికార్డులు పట్టుకుని ల్యాబులో కూర్చుంది. మంగళవారమూ అంతే.

"ఏం చేశావోయ్?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"నేనేం చేశాను? మంచే చేశాను!"

"అయితే పెద్ద పొరపాటే చేసుంటావు."

ఇంటికెళ్ళాక కూడా మాస్టారు కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరిగాడు. అక్కా బావా వాళ్ళింట్లోనే మేడ మీద గది అతనిది. ఆరేసిన బట్టలు తీయడానికి పైకొచ్చిన అక్క సంగతంతా విని, చేతిలో దుప్పటి కిందపడేసింది.

"ఆ అమ్మాయి కోసం ఇంత చేశావు, సరే. ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలిస్తే బాగుండదక్కా."

"తెలియకపోతే ఏం బాగుందిరా? ముప్ఫై రెండేళ్ళొచ్చాయి, ఇంకా పెన్సిలూ రబ్బరూ పట్టుకునే ప్రేమిస్తావా?"

"ఇప్పుడు నన్నేం చేయమంటావ్?"

"నోరు తెరవమంటాను. ఈ దుప్పటి కొస పట్టుకో ముందు."

పట్టుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్‌ని అందరూ పెద్ద మేడం అంటారు. బుధవారం పొద్దున ఆవిడ కొత్త పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ హాల్లో కూర్చోబెట్టి, టీచర్లందరినీ వేదిక మీద వరసగా నిలబెట్టింది. "డిగ్రీలు నాకొద్దు. అవి ఆఫీసు ఫైల్లో ఉన్నాయి. ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారో చెప్పండి, మీ క్లాసేదో చెప్పండి. తలా మూడు నిమిషాలు," అంది.

డ్రిల్లు మాస్టారు మొదలెట్టాడు. "నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. మోకాలు విరిగింది. ఆడకుండా విజిల్ ఊదే ఉద్యోగాలేమున్నాయా అని వెతికితే రెండే కనిపించాయి. ఒకటి ట్రాఫిక్ పోలీసు, రెండోది ఇది. అక్కడ పొగ ఎక్కువని ఇటొచ్చాను. పిల్లలు పరుగెడుతుంటే నా మోకాలు నొప్పి తెలీదండీ, నిజం. తొమ్మిదో తరగతి 'ఏ' సెక్షన్ నాది. ఆ రౌడీలందరూ నావాళ్ళే." హాలంతా నవ్వింది.

లెక్కల మాస్టారి వంతు వచ్చింది. "నేను బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసేవాణ్ణి. ఓ డ్రైవర్ కూతురు భిన్నాలు రాక ఏడుస్తుంటే చార్టు వెనకాల రొట్టె బొమ్మ గీసి చెప్పాను. మర్నాడు నలుగుర్ని వెంటేసుకొచ్చింది. ఆర్నెల్లు తిరిగేసరికి మా మేనేజరు 'ఇది డిపోనా, బడా?' అని కేకలేశాడు. ఆలోచిస్తే బడే బాగుందనిపించింది. ఆరో తరగతి బి నా క్లాసు." ముందు వరసలో కూర్చున్న ఆరో తరగతి బి పిల్లలు తమ పేరు వినగానే బల్లలు చరిచారు.

తర్వాత బయాలజీ టీచర్ మైకు అందుకుంది.

"నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. అక్కడ మనిషి ముఖం కనబడదు, సీసా మీద నంబరే కనబడుతుంది. ఒకరోజు ఓ పాప వచ్చింది. రక్తం తీస్తే ఏడవలేదు. 'నాది నాకు చూపించు' అంది. స్టూలెక్కించి మైక్రోస్కోపులో చూపించా. 'ఇవన్నీ నావేనా?' అంది. నీవే అన్నా. ఇక లెక్కపెట్టడం మొదలెట్టింది. వాళ్ళమ్మ లాక్కెళ్ళేదాకా దిగితేగా! ఆ పాప వెళ్ళాక నాకు ఒక్కదాన్నే చూడబుద్ధి కాలేదు. పక్కన ఎవరో ఒకరు 'నాకూ చూపించు' అని గొడవ చేస్తుండాలి అనిపించింది. అందుకే వచ్చాను."

చెప్పి, మైకు పక్కవాళ్ళకి ఇవ్వబోయింది. ముందు వరసలో ఒకామె లేచి, "బాగా చెప్పారమ్మా. మీది ఏ క్లాసు? మా పాప మీ దగ్గరే పడితే బాగుండును," అంది.

"నాది ఏ క్లాసూ కాదండీ," అంది టీచర్ నవ్వుతూ. "అన్ని క్లాసులకీ చుట్టపుచూపుగా వెళ్ళొస్తుంటాను."

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. లెక్కల మాస్టారు ఆ నవ్వుని గుర్తుపట్టాడు. మూడేళ్ళ కిందట గేటు దగ్గర చూసిన నవ్వది.

ఆ స్కూల్లో మొదటి పీరియడ్ ఎవరిదైతే ఆ సెక్షన్‌కి వాళ్ళే క్లాస్ టీచర్. హాజరు పిలిచేది వాళ్ళే. జ్వరమొస్తే ఇంటికి కబురు పెట్టేది వాళ్ళే, గొడవపడితే చెవి మెలేసేది వాళ్ళే. పిల్లలు "మా టీచర్" అనేది కూడా వాళ్ళనే. ఈ సంగతి లెక్కల మాస్టారికి తెలియక కాదు. చార్టు ముందు కూర్చున్నప్పుడల్లా అతనికి ఆమె తడి జుట్టూ, గేటూ, పాత హెడ్మాస్టరి గడియారమే కనిపించేవి. మొదటి పీరియడ్‌తో పాటు ఆమె నుంచి ఇంకేం పోతోందో ఒక్కసారీ చూడలేదు. లెక్కలు చెప్పేవాడికి ఇంత చిన్న తీసివేత తట్టలేదు చూడండి!

ఆ రోజు నాలుగో పీరియడ్‌లో అతనే ల్యాబుకి వెళ్ళాడు.

"టీచర్, మీకు క్లాసు కావాలని నాకు తెలియదు."

ఆమె పెన్నుకి మూత పెట్టింది. "ఏ టీచర్‌కి వద్దు మాస్టారూ?"

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పోయినేడాది చివరి రోజు మీ సిక్స్త్ బి పిల్లలు గ్రూపు ఫోటో దిగారు. మధ్యలో కుర్చీలో మీరు. ఆ ఫోటో తీసిందెవరు?"

"మీరే."

"నైన్త్ ఏ వాళ్ళది?"

"అదీ మీరే."

"పద్నాలుగు సెక్షన్లకీ నేనే తీశాను. ఏ టీచర్ ఖాళీగా ఉన్నారంటే నేనే కదా! ఒక్క ఫోటోలో కూడా నేను లేను." ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "గేటు దగ్గర తిట్లు తిన్నదాన్ని కాబట్టి నన్ను నమ్మట్లేదనుకున్నా. సరే, టైముకి వచ్చి చూపిద్దామనుకున్నా. రోజూ ఎనిమిదిన్నరకల్లా ఇక్కడుంటున్నా. కొత్త మేడం వచ్చారు, ఈసారైనా ఇస్తారని ఆశపడ్డా. సోమవారం మీ చార్టు చూశాక ఆ ఆశ కూడా పోయింది."

"అది కాదు టీచర్. మీ నాన్నగారికి బాగాలేదు కదా, పొద్దున్నే మీరు అలా పరుగులు పెట్టుకుంటూ వస్తుంటే చూళ్ళేక..."

"ఎప్పటి మాట! మా నాన్న లేచి తిరగబట్టి ఏడాదిన్నర అయింది. నేను నిద్ర లేచేసరికి ఆయన వాకింగ్ కూడా చేసొచ్చి పేపరు చదువుతుంటారు!"

"నాకు తెలీదు."

"తెలీకపోతే అడగొచ్చు కదా? రోజూ ఎదురుగానే కూర్చుంటారు కదా? ఈ స్కూల్లో నాతో మనిషిలా మాట్లాడేది మీరొక్కరే. ఆ మనిషే నన్ను ఇలా దూరం పెడుతున్నారనుకుంటూ మీ ఎదురుగా కూర్చోవడం ఎంత కష్టంగా ఉండేదో తెలుసా?"

మాస్టారికి నేల చీలితే బాగుండుననిపించింది.

"అయితే జాలిపడ్డారన్నమాట," అంది ఆమె.

"జాలి కాదండీ!"

"మరేంటి?"

అదిగో, అడిగింది. తనంతట తానే అడిగింది. ఇంతకన్నా మంచి సందు ఇంకెవరూ ఇవ్వరు. మాస్టారు నోరు తెరిచాడు, గుటక మింగాడు, మళ్ళీ తెరిచాడు. మూడేళ్ళ మాటలన్నీ ఒక్కసారి గొంతుకి అడ్డంపడ్డాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

ఆమె కాసేపు ఎదురుచూసి, రికార్డులు సర్దుకుంది. "పాత ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు. వేరే ఊళ్ళో కొత్త ల్యాబు పెట్టారట. శుక్రవారం సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పమన్నారు," అంది. గంట కొట్టింది. ఆమె వెళ్ళిపోయింది.

గురువారం మాస్టారు భోజనం మానేసి కొత్త చార్టు వేశాడు. తన ఆరో తరగతి బి ఆమెకిచ్చాడు. ఇంకొకరి క్లాసు లాక్కుని ఇచ్చే హక్కు తనకి లేదు. మొదటి పీరియడ్‌లోకి ఆకుపచ్చ రాగానే మిగతావన్నీ కదిలాయి. ల్యాబు క్లాసులు పదిన్నర తర్వాతకి జరిగాయి. అక్కడున్న పదో తరగతి లెక్కలు ఇంకో చోటికి పోయాయి. ఎటు తిప్పినా ఆమె ఖాళీగా ఉన్నప్పుడు అతనికి క్లాసు. అతను ఖాళీగా ఉన్నప్పుడు ఆమెకి క్లాసు. రబ్బరు అరిగింది, కాగితం చిరిగేదాకా వచ్చింది. ఆఖరికి మధ్యాహ్నం మూడింటికి, వారం మొత్తంలో ఇద్దరూ కలిసే పీరియడ్ ఒక్కటీ లేకుండా చార్టు తేలింది. పక్కనే కూర్చుని చూస్తున్న డ్రిల్లు మాస్టారు మొదటిసారి వెక్కిరించలేదు. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పెద్ద మేడం కళ్ళజోడు పైకి తోసి చార్టు చూసింది. "వారం మధ్యలో ఎందుకు మార్చారు?"

"నేనో తప్పు చేశానండీ. దిద్దుకుంటున్నాను." జరిగిందంతా చెప్పాడు, ఒక్క ప్రేమ తప్ప. ఆవిడ ముఖం చూస్తే అది కూడా అర్థమైనట్టే ఉంది.

"ఆవిడ ఆసుపత్రికి వెళ్ళే ఆలోచనలో ఉన్నారట. నాతో చెప్పారు. ఈ క్లాసు కావాలంటున్నారా మరి?"

"కావాలనే అనుకుంటున్నానండీ."

"అనుకుంటున్నారా? ఆవిణ్ణి అడగలేదా?"

మాస్టారు నీళ్ళు నమిలాడు. "లేదండీ."

"మళ్ళీ అడగలేదా?" పెద్ద మేడం పెన్ను బల్ల మీద పెట్టేసింది. "మీకు చెప్పడానికి నాకే సిగ్గేస్తోంది మాస్టారూ. మొదటిసారి అడక్కుండా తీసేశారు, ఇప్పుడు అడక్కుండా ఇస్తున్నారు. రెండింటికీ తేడా ఏంటి? వెళ్ళి అడిగి రండి. ఆ తర్వాతే సంతకం."

శుక్రవారం ఎనిమిదిన్నరకి మాస్టారు చార్టు చుట్ట చుట్టుకుని ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె గాజు పలకలు తుడుస్తోంది.

"టీచర్, మిమ్మల్ని ఒకటి అడగాలి."

ఆమె తలెత్తింది. "అడగండి."

"సిక్స్త్ బి మీకు కావాలా? చార్టు వేశాను. సంతకం కాలేదు. మీరు సరేనంటే అవుతుంది, వద్దంటే ఇక్కడే చింపేస్తాను. మిమ్మల్ని వెళ్ళకుండా ఆపడానికి వేసింది కాదు. అడక్కుండా లాక్కున్నాను కాబట్టి, అడిగి ఇద్దామని."

ఆమె గుడ్డ పక్కన పడేసి, చార్టు బల్ల మీద పరిచింది. మొదటి పీరియడ్ వరసలో ఆకుపచ్చ గళ్ళు ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ పోయింది. సోమ, మంగళ, బుధ, అన్నీ ఉన్నాయి. ఆమె కళ్ళు తడిబారాయి.

"ఇది మీ క్లాసు కదా. మరి మీకు?"

"ఈ ఏడాదికి నేను ఖాళీ."

వేలు కిందికి దిగింది. నాలుగో పీరియడ్ దగ్గర ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది, పక్కకి వెళ్ళింది. వారమంతా వెతికింది. "ఇద్దరికీ కలిసి ఎక్కడా ఖాళీ లేదేంటి?"

"కుదర్లేదు టీచర్."

"మీకా? ఇన్నేళ్ళూ కుదిరింది కదా?"

"అప్పుడు కుదరలేదు, నేను కుదిర్చాను."

ఆమె చేయి చార్టు మీదే ఆగిపోయింది. ఇక ఇప్పుడు కూడా చెప్పకపోతే జన్మలో చెప్పలేనని మాస్టారికి తెలిసిపోయింది.

"కావాలనే కుదిర్చాను. మీరంటే నాకు ఇష్టం. జాలి కాదు. మీరు ఎదురుగా కూర్చుంటే ఆ రోజుకి అది చాలనిపించేది. ఆదివారమంటే విసుగు, సెలవులంటే భయం. మొన్న వేసవి సెలవులన్నీ చార్టు గీస్తూనే కూర్చున్నా, అందులో మీ రంగుంటుందని. ఇదంతా మీతో చెప్పాలి కదా, చెప్పకుండా మీ బదులు కూడా నేనే ఆలోచించేశాను. మీకేం కావాలో నాకే తెలుసనుకున్నాను. నన్ను క్షమించండి."

బయట పిల్లలు ఒక్కొక్కరే గేటు దాటి వస్తున్న గోల వినిపిస్తోంది.

"ఇంతకీ అడగాల్సింది అయిపోయిందా?" అంది చివరికి.

"లేదు. ఇంకోటుంది." మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

సరిగ్గా అప్పుడే ప్రార్థన గంట కొట్టింది. ఆమె చార్టు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది.

"క్లాసు కావాలి. ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. అది మీ కోసం కాదు, నా క్లాసు కోసం. ఇప్పుడే చెబుతున్నా, తర్వాత మీ లెక్కలో వేసుకోకండి."

"వేసుకోను. మరి రెండోది?"

"సాయంత్రం చెబుతాను," అని పెద్ద మేడం గదివైపు వెళ్ళిపోయింది.

పెద్ద మేడం అప్పటికప్పుడే సంతకం పెట్టి, ఆ రోజు నుంచే అమలన్నది.

మొదటి పీరియడ్‌లో మాస్టారికి పని లేదు. వసారాలో నిలబడ్డాడు. తన క్లాసులోంచి ఆమె గొంతు వినిపిస్తోంది. ఒక్కో పేరూ పిలుస్తోంది, పలికినవాళ్ళ ముఖం చూసి కాసేపు ఆగి, తర్వాతి పేరుకి వెళ్తోంది. మామూలుగా ఐదు నిమిషాల్లో అయిపోయే హాజరుకి ఆమెకి ఇరవై నిమిషాలు పట్టింది. తన క్లాసు పోయిందన్న బెంగ ఒకవైపు, ఆమె గొంతులో సంతోషం ఒకవైపు. మాస్టారికి రెండూ కలిసి ఒకేసారి నొప్పిపెట్టాయి. ఆ నొప్పి బాగుంది కూడా.

ఇక అక్కణ్ణుంచి సాయంత్రం దాకా ఆ మనిషి పడ్డ పాట్లు అడక్కండి. రెండో పీరియడ్‌లో ఏడు ఎనిమిదులు యాభై నాలుగని బోర్డు మీద రాస్తే క్లాసంతా గొల్లుమంది. మూడో పీరియడ్ మారేటప్పుడు మెట్ల మీద ఎదురుపడింది. అతను ఆగిపోయాడు. "దారివ్వండి మాస్టారూ, వెనకాల పిల్లలున్నారు," అని పక్క నుంచి దిగిపోయింది. నాలుగో పీరియడ్‌లో పదో తరగతికి లెక్క చెబుతుంటే ఎదుటి వరసలో ల్యాబు కిటికీలోంచి ఆమె భుజం, జడ కనిపించాయి. చెయ్యెత్తి పిల్లలకేదో చూపిస్తోంది. నలభై నిమిషాలూ ఆ భుజమే కనిపించింది. ముఖం ఒక్కసారీ ఇటు తిరగలేదు.

సరే, భోజనాల వేళకైనా దొరుకుతుందనుకున్నాడు. ఆరో తరగతి టీచర్ పిల్లలతోనే కూర్చుని తినాలని తనే పెట్టిన రూలు! సోషల్ మేడం పక్కన కూర్చుని, ఏం తింటున్నాడో తెలియకుండా డబ్బా ఖాళీ చేశాడు. ఇన్నాళ్ళూ వారానికి నాలుగుసార్లు ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడిగేశాక, జవాబు వినడానికి ఒక్క నిమిషం కూడా దొరకడం లేదు.

నాలుగున్నరకి చివరి గంట కొట్టింది. అప్పటికే వాన పట్టుకుంది. పిల్లలు గొడుగుల కింద, గొడుగుల్లేకుండా, అరుచుకుంటూ వెళ్ళిపోయారు. మాస్టారు పోర్టికోలో నిలబడ్డాడు. నాలుగున్నర కాస్తా ఐదయింది. ఆమె లేదు. పరుగెత్తి లోపలికి వెళ్ళబోయి, ఆగాడు. తను చెప్పమన్నాడు, ఆమె చెబుతానంది. ఇక ఆగాల్సిందే.

ఐదుంబావుకి ఆమె ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర తడిసి ముద్దయిన ఓ తండ్రి సైకిలు ఆపి, ఆలస్యమైంది టీచర్ అంటూ పాపని ఎక్కించుకున్నాడు. ఆ పాప వెనక్కి తిరిగి, "రేపు వస్తా టీచర్!" అని అరిచింది.

"చివరి పిల్ల వెళ్ళేదాకా క్లాస్ టీచర్ కదలకూడదు. మీకు తెలుసు కదా," అంది ఆమె, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంటూ. "మొత్తం ముప్ఫై ఎనిమిది మంది. ఒకడు పేరు పిలిస్తే పలకడు, బల్ల కింద దాక్కుంటాడు. ఇద్దరికి నేను అమ్మనైపోయాను, పొరపాటున అలాగే పిలిచారు."

"టీచర్..."

"ఊఁ?"

"నేను పొద్దుటి నుంచీ..."

"తెలుసు. ఏడు ఎనిమిదులు యాభై నాలుగట. స్కూలంతా తెలుసు." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, వాన వైపు చూస్తూ అంది. "రోజంతా ఆపినందుకు కోపం వచ్చిందా?"

"మూడేళ్ళు ఆపినవాణ్ణి, ఒక్కరోజుకి కోపమెలా వస్తుంది?"

"నాకు మాత్రం మూడేళ్ళుగా కోపమే మాస్టారూ. ఇంట్లో దిద్దుకోలేక రికార్డులన్నీ స్టాఫ్ రూముకి మోసుకొచ్చేదాన్ననుకున్నారా? రాత్రికి ఒక్కటి కూడా ముట్టుకునేదాన్ని కాదు, మర్నాడు మీ ఎదురుగా కూర్చోడానికి పని మిగలదని. ఇవాళ అడుగుతారు, ఇవాళ అడుగుతారు అనుకుంటూ కూర్చునేదాన్ని. గంట కొట్టేసేవారు. నేనైనా చెప్పొచ్చు. చెప్పలేదు. తప్పులో సగం నాది కూడా."

మాస్టారు ఆమె వైపు తిరిగాడు.

"చేసుకుంటాను," అంది. "ఆదివారం మా ఇంటికి రండి. మీ అక్కనీ బావగారినీ కూడా తీసుకురండి. మా నాన్న మీ గురించి ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. నేనే ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ వచ్చాను. మీరు రాకపోతే నేను అబద్ధాలకోరునవుతాను."

"వస్తాను. తప్పకుండా వస్తాను."

ఒక్కటే గొడుగుంది, ఆమెది. మాస్టారు దాన్ని అందుకుని తెరిచాడు. బస్సు స్టాపు వైపు అడుగు వేయబోయి, ఆగి ఆమె వైపు చూశాడు.

"వాన తగ్గేదాకా ఆగుదామా, వెళ్దామా?"

"వెళ్దాం," అంది ఆమె. "ఆగింది చాలు."